ఒంటి చుక్క

హరనాథ్ రాసిన పరిశోధన పత్రం మాస్టారి బల్ల మీద నుంచి మళ్లీ తిరిగొచ్చింది. ఎర్ర సిరా గీతలు లేవు. అంచున రాసిన మాట కూడా ఏదీ లేదు. మొదటి పేజీ మీద టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మచ్చ ఒక్కటే ఉంది.

"చదివారా మాస్టారూ?"

"చదివాను."

"పంపించమంటారా?"

కామేశం మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు. కిటికీలోంచి సముద్రం వైపు చూశారు.

"ఆరోగ్యంగా ఉన్న కన్ను ఏది హరీ?"

"అంటే?"

"అదే." ఆయన కళ్లజోడు పెట్టుకుని ముందున్న కాగితాల్లోకి తల దించారు. ఆయన తల దించారంటే ఇక మాటల్లేవని ఆ అంతస్తులో అందరికీ తెలుసు.

విశాఖలో సముద్రానికి ఎదురుగా గుట్ట మీద ఉన్న కంటి ఆసుపత్రి అది. కింద రోగులు, పైన పరిశోధన. చంటిపిల్లల కంట్లో పుట్టే క్యాన్సర్ మీద మాస్టారు చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. కాపాడలేని కన్నును కింద డాక్టర్లు తీసేస్తే, తల్లిదండ్రులు ఒప్పుకున్నప్పుడు, అది పైకి వచ్చేది. చంటిపిల్లల కంట్లో రెటీనా, అంటే బొమ్మ పడే ఆ వెనకపొర, ఇంకా పూర్తిగా ఎదగదు. కణాలు ఇంకా తమ పని నేర్చుకుంటూనే ఉంటాయి. ఆ దశలో వాటిలో ఏం జరిగి జబ్బు మొదలవుతుందన్నదే వాళ్ల ప్రశ్న.

మనిషి ప్రతి కణంలోనూ ఒక్కో క్రోమోజోమ్ రెండేసి ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఈ జబ్బుకి సంబంధం ఉన్న క్రోమోజోమ్‌ని మాత్రమే పట్టుకుని వెలిగే రంగు ఒకటుంది. ఆ రంగు అద్ది మైక్రోస్కోప్ కింద పెడితే నీలంగా ఉన్న కణం లోపల ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. మంచి కణంలో రెండు. ఒకటి పోయి ఉంటే ఒకటే.

హరనాథ్ చూసింది ఒంటి చుక్కల్ని. గడ్డలో ఉంటే వింత లేదు. గడ్డకి దూరంగా, చూడ్డానికి నిక్షేపంగా ఉన్న రెటీనా కణాల్లో కూడా చాలావాటిలో ఒంటి చుక్కలే. ఒక కంట్లో చూశాడు. ఇంకో కంట్లో చూశాడు. ఏ కన్ను పెట్టినా అదే. రంగులో లోపం ఉందేమోనని తన వేలు గుచ్చుకుని, ఆ రక్తాన్ని గాజుపలక మీద పరిచి అదే రంగు అద్దాడు. అక్కడ ప్రతి తెల్లకణంలోనూ రెండు చుక్కలు, కళ్లు తెరుచుకుని తనకేసి చూస్తున్నట్టు. అంటే లోపం రంగులో లేదు. గడ్డ వల్ల వచ్చిందీ కాదు. కన్ను కన్నంతా పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ తక్కువతో తయారవుతోంది. జబ్బు తర్వాత వస్తోంది.

ఇంత మాట ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఈ మాట చెప్పిన వాడి పేరు పుస్తకాల్లోకి ఎక్కుతుంది. హరనాథ్ పడుకునేటప్పుడు కూడా ఆ పేరు ఎలా అచ్చవుతుందో ఊహించుకునేవాడు.

మాస్టారు మాత్రం టీ గ్లాసు పెట్టి పంపారు.

ఆయన డాక్టరేట్ చేయకముందు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవారు. అందుకే ఎంత పెద్ద ప్రొఫెసరైనా అందరికీ మాస్టారే. కానీ ఆయన పాఠం చెప్పగా ఆ అంతస్తులో ఎవరూ వినలేదు. తప్పు చూస్తే తప్పని అనేవారు కారు. ఏదో ఒక పని చేసి ఊరుకునేవారు. హరనాథ్‌కి ముందు రత్నప్రభ అని ఒకావిడ ఉండేది. మైక్రోస్కోప్ పాతబడిపోయింది, బొమ్మలు మసకగా వస్తున్నాయి, కొత్తది కొనకపోతే పని సాగదని రోజూ గొడవ చేసేదట. ఒకరోజు మాస్టారు ఆవిడ కళ్లజోడు అడిగి తీసుకుని, కుళాయి కింద కడిగి, తుడిచి ఇచ్చి వెళ్లిపోయారట. ఆ కథ చెప్పుకుని అందరూ నవ్వుకునేవాళ్లు. కొత్తగా చేరినప్పుడు హరనాథ్ కూడా నవ్వాడు. ఇలాంటి గురువు దొరకడం అదృష్టమనుకున్నాడు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. ముసలాయనకి ఓర్వలేనితనం పట్టుకుంది అనుకున్నాడు. జన్మంతా వెతికి ఆయన చూడనిది శిష్యుడు చూశాడు, అది మింగుడు పడ్డం లేదు.

ఆ కోపంతోనే పత్రం చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. కింద పిల్లల విభాగం ముందు హాల్లో ఒక పల్లెటూరి ఆమె కూర్చుని ఉంది. ఒళ్లో రెండేళ్ల పిల్ల. పిల్ల ఎడమ కంటికి గుండ్రటి ప్లాస్టర్. తెల్లకోటు చూసి ఆమె లేచి నిలబడింది.

"డాక్టరు బాబూ, మీరు పైనుంటారు గదా?"

"అవునమ్మా."

"మా ఢిల్లీశ్వరి కన్ను మీ కాడికే ఒచ్చిందంట గదా. నర్సమ్మ సెప్పింది. ఏటైనా తెలిసిందేటి బాబూ?"

తాను డాక్టరు కానని చెప్పొచ్చు. లోపల డాక్టరమ్మని అడగమ్మా అని దాటుకుపోవచ్చు. హరనాథ్ ఆమె పక్కన కూర్చున్నాడు. పొద్దున్నుంచి, పొద్దున్నుంచేమిటి, నెలల నుంచి, తన మాట వినాలని అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

ఆమె పేరు గున్నమ్మ. సోంపేట దాటాక బారువ పక్కన పల్లె. మొగుడు గుజరాత్‌లో వేరావల్ రేవులో చేపల పడవ మీద పనికి వెళ్లాడు. కన్ను తీయించడానికి ఆమే తెచ్చింది, ప్లాస్టర్లు మార్పించడానికి ఆమే తెస్తోంది.

హరనాథ్ ఆమెకి అర్థమయ్యేలా చెప్పాడు. బాగా చెప్పాడు కూడా. ఒక జత ఉండాల్సిన చోట ఒకటే ఉందని, అది పుట్టాక వచ్చిన లోపం కాదని, తల్లి కడుపులో కన్ను తయారైనప్పుడే అలా తయారైందని.

"నా కడుపులోనేనా?"

"అవునమ్మా."

గున్నమ్మ పిల్ల తల నిమిరింది. "మరి ఇంకో గుంట పుడితే? దానికీ ఇలాగే ఒస్తాదేటి?"

"రావచ్చు. సగానికి సగం రావచ్చు."

"లోపల డాక్టరమ్మ గుంటకి రత్తం తీసింది బాబూ. ఆ పరీచ్చ ఒచ్చీదాకా ఏటీ అనుకోకు, ఏటీ సెయ్యకు అంది."

హరనాథ్ నవ్వాడు. తర్వాత అతనికి అన్నిటికన్నా ఎక్కువగా గుర్తొచ్చింది ఆ నవ్వే.

"రక్తంలో ఏం కనబడుతుందమ్మా? నేను చూసింది కన్నునే. నా కళ్లతో చూశాను."

గున్నమ్మ కొంగు కడుపు మీదికి లాక్కుంది. హాల్లో ఏసీ చల్లగా ఉంది కదా, చలేస్తోంది కాబోలనుకున్నాడు హరనాథ్. ఆమె చేతులు జోడించింది. "ఉన్న మాట సెప్పినారు. మీ రుణం ఉంచుకోను బాబూ" అంది.

మెట్లెక్కి పైకి వెళ్తుంటే హరనాథ్‌కి మనసు తేలికైంది. కోపం కూడా కొంత తగ్గింది.

నెల తిరిగింది. మాస్టారు పత్రం సంగతి ఎత్తలేదు. ఒక సాయంత్రం హరనాథ్ ఆయన గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

"మీకు ఇష్టం లేకపోతే మీ పేరు తీసేసి పంపుకుంటాను మాస్టారూ. నా పని మీద నాకు నమ్మకం ఉంది."

మాస్టారికి కోపం రాలేదు. సంచీలోంచి కాగితం పొట్లం ఒకటి తీసి బల్ల మీద విప్పారు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. బీచ్ దగ్గర బండి మీద కొన్నవి కాబోలు, ఇంకా ఆవిరి వస్తోంది.

"కూర్చో. రెండు గింజలవి చూసి ఏరు."

హరనాథ్ పళ్లు బిగించి కూర్చున్నాడు. నడుం సన్నగా, అటూ ఇటూ ఉబ్బుగా ఉన్న కాయలు కొన్ని ఏరి వరసగా పెట్టాడు. మాస్టారు కవర్లు కోసే చాకు అతని ముందుకి తోశారు.

"అడ్డంగా కొయ్యి. సరిగ్గా మధ్యకే కొయ్యక్కర్లేదు, ఎక్కడ పడితే అక్కడ. ఎడమ చేతి వైపు ముక్క అవతల పారెయ్. కుడి చేతి వైపు ముక్క నాకు చూపించు."

హరనాథ్ కోశాడు.

"ఎన్ని గింజలు?"

"ఒకటి."

"ఇంకోటి కొయ్యి."

"ఒకటి."

"ఇంకోటి."

ఈసారి చాకు కొసన పడింది. "రెండు."

"కానీ."

"ఒకటి... ఒకటి... ఇందులో ఏమీ లేదు."

మాస్టారు ఆ సగం ముక్కల్ని ఒక్కొక్కటే వేలితో దొర్లించి చూశారు. "పాపం, ఈ కాయలన్నీ ఒంటి గింజతోనే పుట్టాయి" అన్నారు.

హరనాథ్ చేతిలో చాకు అలాగే ఆగిపోయింది.

కంటిని అతను ముక్కలుగా చూస్తున్నాడు. మైనంలో బిగించి, కణం మందం కూడా ఉండని పలచటి పొరలుగా కోసి, ఆ పొరల్ని గాజుపలక మీద పరిచి చూస్తున్నాడు. కత్తి కణాల మధ్య నుంచి మాత్రమే పోతుందా? కణాలనే కోసుకుంటూ పోతుంది. సగం కణం ఈ పొరలో, సగం పై పొరలో. ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క అక్కడ. తన రక్తాన్ని మాత్రం ఏ కత్తీ కోయలేదు. చుక్క రక్తం పలక మీద పడితే కణాలు నిండుగా పడ్డాయి. అందుకే అందులో రెండేసి చుక్కలు.

పుట్టుకతో పోయింది ఏమీ లేదు. అతని కత్తి కోసేసింది, అంతే.

మాస్టారు తొక్కలు, ముక్కలు అన్నీ పొట్లంలోకి ఎత్తి చెత్తబుట్టలో వేశారు. చేయి కడుక్కోవడానికి వెళ్లారు.

హరనాథ్ మర్నాటి నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి కోయలేదు. రెటీనాని మందులో నానబెట్టి, కణాల్ని ఒకదాన్నుంచి ఒకటి మెల్లగా విడదీసి, రక్తాన్ని పరిచినట్టే పలక మీద పరిచాడు. చీకటి గదిలో మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాడు. రెండు చుక్కలు. పక్క కణంలో రెండు. దాని పక్కన రెండు. ఇంకో కన్ను పెట్టాడు. రెండు. ప్రమాదంలో చనిపోయిన ఒక బిడ్డ కళ్లు దానంగా వస్తే, ఏ జబ్బూ లేని ఆ కన్నుని తన పాత పద్ధతిలోనే పలచగా కోసి చూశాడు. ఒంటి చుక్కలు, ఎక్కడ చూసినా.

పత్రం చించలేదు. చించితే ఎవరో ఒకరు చూసి జాలి పడతారు. మామూలు చిత్తుకాగితాల్లో కలిపేశాడు. ఆ రెండు మూడు రోజులు అతనికి తన గురించి తప్ప వేరే ఆలోచన లేదు. పోయిన ఏళ్లు, పోయిన పేరు, మిగతావాళ్ల ముందు తలెత్తుకోవడం ఎలా అన్నది. ఇంతకన్నా చేదు ఉండదనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం కింద పిల్లల డాక్టరమ్మ సునందగారు క్యాంటీన్లో మాస్టారితో మాట్లాడుతుంటే పక్క బల్ల దగ్గర హరనాథ్ విన్నాడు.

"బారువ నుంచి వచ్చే గున్నమ్మ రెండుసార్లు రాలేదండీ. ఆ పిల్లకి రెండో కన్ను కనిపెట్టి చూడాలి. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. పిల్ల రక్తపరీక్ష వచ్చింది, ఏ దోషమూ లేదు. వంశంలో వచ్చింది కాదు, ఆ ఒక్క కంట్లోనే పుట్టింది. ఈ మాట వింటే ఆవిడ ఎంత సంతోషిస్తుందో. కడుపుతో ఉంది కదా, పాపం, హడలిపోయి ఉంది."

హరనాథ్ కంచం పక్కకి తోశాడు. చలేస్తోంది కాబోలనుకున్న కొంగు గుర్తొచ్చింది.

మాస్టారి గదిలో నిలబడి అంతా చెప్పాడు. ఏ రోజున, ఏ కోపంతో, ఏ మాటలతో చెప్పాడో, ఏదీ దాచకుండా. నవ్విన సంగతి కూడా చెప్పాడు. మాస్టారు కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నారు. ముఖం పాలిపోయింది.

"ఏ రోజు అన్నావు?"

"మీరు పత్రం తిరిగిచ్చిన రోజే. టీ మరక పడి వచ్చిందే, ఆ రోజు."

హరనాథ్ "రేపు పొద్దున్న వెళ్తాను" అన్నాడు. మర్నాడు బస్‌స్టాండుకి వెళ్లేసరికి సోంపేట బస్సులో కిటికీ పక్కన మాస్టారు కూర్చుని ఉన్నారు.

బస్సు దిగి ఆటో ఎక్కి, పల్లె మొదట్లో దిగి ఇసుకలో నడిచారు. వలలు ఆరేసి ఉన్నాయి. ఎండుచేపల వాసన. గున్నమ్మ ఇంటి ముందు తాటాకు పందిరి కింద చాప మీద చేపలు తిరగేస్తోంది. వీళ్లని చూసి కంగారుగా లేచి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"అయ్యో, మా ఇంటికి ఒచ్చినారా బాబూ! పెద్దబాబు కూడా ఒచ్చినారా!"

లోపల్నుంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేసింది. నీళ్లు తెచ్చింది. ఢిల్లీశ్వరి గడప దగ్గర నిలబడి చూస్తోంది. ప్లాస్టర్ లేదు. ఎడమ కంటి రెప్ప లోపలికి వాలి మూసుకుని ఉంది, రెండో కన్ను ఇద్దరి మీదా తిరుగుతోంది.

గున్నమ్మ చిక్కిపోయింది. కడుపు చదునుగా ఉంది. హరనాథ్ అది చూశాడు. చూసినా, చెప్పాలనుకుని వచ్చిన మాట ఆగలేదు. దారంతా దాన్నే వల్లెవేసుకుంటూ వచ్చాడు, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"పాప రక్తపరీక్ష వచ్చిందమ్మా. ఏ దోషమూ లేదు. ఇంకో బిడ్డకి వస్తుందని భయపడక్కర్లేదు."

"ఇంకో గుంటకా?"

"అవునమ్మా."

"తీయించేసినాను గదా బాబూ." ఆమె మామూలుగానే అంది. వాళ్లకి తెలిసే ఉంటుందని అనుకున్నట్టుంది. "మీరు సెప్పినాక ఊరొచ్చి, ఓ వారం ఆగి తీయించేసినాను. ఒంట్లో బాగోక మళ్లీ ఆసుపత్రికి రానేకపోయినాను. ఫోను సార్జింగు పెట్టినోళ్లు నేరు."

అలలు వినిపిస్తున్నాయి. పక్కింట్లో ఎవరో రేడియో పెట్టారు. గున్నమ్మ ముఖంలో మాట మెల్లగా దిగుతోంది. హరనాథ్ ఆ దిగడం చూస్తూ కూర్చున్నాడు.

"మరి ఆ దినం సగానికి సగం ఒస్తాదన్నారు?"

"అన్నానమ్మా."

"కళ్లతో సూసినానన్నారు."

"చూశాను. చూసింది తప్పు. నాకు ఒకటి కనిపించింది, ఉన్నవి రెండు. తప్పు నాదమ్మా. నేను డాక్టర్ని కూడా కాను. పైన చదువుకుంటున్న వాణ్ణి. ఆ మాట ఆ రోజే చెప్పాల్సింది."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. ఎండుచేపల గంప ఎత్తి తన మీద వేసినా బావుండుననుకున్నాడు. గున్నమ్మ కింద కూర్చుండిపోయి చాప అంచున ఉన్న ఇసుకని చేత్తో తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"మా ఆయన ఒద్దన్నాడు బాబూ. ఆగు, రత్తం పరీచ్చ రానీ, పెద్ద డాక్టరమ్మ సెప్పింది గదా అన్నాడు. రోజూ ఫోను. నానే ఇన్నేదు. పడవ మీద బతికీవోడివి నీకేటి తెలుసు, డాక్టరు బాబు కళ్లతో సూసి సెప్పినాడు, ఇంకో గుంట కన్ను నాను తీయించనేను అని తిట్టినాను. ఫోను పెట్టేసినాను. ఆడు రెండ్రోజులు నాతో మాట్లాడనేదు. తరవాత, సరేలే, నువ్వే కరెక్టు, మంచిపనే సేసినావు అన్నాడు."

ఆమె తలెత్తింది.

"ఇప్పుడు ఆడికి ఈ మాట సెప్పాలా, ఒద్దా? సదువుకున్నోరు, మీరే సెప్పండి బాబూ."

హరనాథ్ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు పందిరి గుంజ పక్కన కుర్చీలో తల దించుకుని ఉన్నారు. ఢిల్లీశ్వరి ఆయన దగ్గరికి వెళ్లి కళ్లజోడు లాగుతోంది. ఆయన తీసి ఇచ్చేశారు. పిల్ల దాన్ని తన ముఖానికి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు చూసింది. ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు. ఇదీ ఒక పాఠమేనేమో, తన తప్పు తననే మొయ్యమంటున్నారేమో అనుకున్నాడు హరనాథ్.

"నాకు తెలీదమ్మా" అన్నాడు చివరికి.

గున్నమ్మ తలూపింది. "తెలీదు" అని తనలో తను అనుకుంది. తర్వాత లేచి, పిల్లని వచ్చే వారం తెస్తానని, డాక్టరమ్మకి చెప్పమని అంది. ఇసుక దారి చివరి దాకా వాళ్లతో నడిచి రాలేదు. వాళ్లు వెనక్కి తిరిగి చూసేసరికి పందిరి కింద కూర్చుని చేపలు తిరగేస్తోంది. పిల్ల ఆమె వీపు మీద వాలి ఉంది.

తిరుగు బస్సులో జనం తక్కువ. ఇద్దరికీ పక్కపక్కనే చోటు దొరికింది. పలాస దాటే దాకా హరనాథ్ కిటికీలోంచి బయటికే చూశాడు. జీడితోటలు వెనక్కి పోతున్నాయి. కండక్టర్ వచ్చి టిక్కెట్లు ఇచ్చి వెళ్లాడు. మాస్టారు ఇద్దరికీ తీసుకున్నారు.

అప్పుడు హరనాథ్‌కి ఒక ఆలోచన వచ్చింది. అది రాకుండా ఉంటే బావుండేది. వచ్చాక అడగకుండా ఉండలేకపోయాడు.

"మాస్టారూ. కత్తి సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

బస్సు ఒక వంతెన ఎక్కి దిగింది.

"నువ్వు మొదటి స్లైడ్ చూపించిన రోజే."

"మొదటి రోజేనా?"

"ఆఁ."

హరనాథ్ లెక్క వేయదలచుకోలేదు. కానీ మనసు దానంతటదే వేసింది. మొదటి స్లైడ్, పత్రం, టీ మరక, మెట్లు, హాలు. వీటిలో దేనికన్నా ముందు ఒక్క మాట పడి ఉంటే చాలు. పొరలు పలచగా కోశావు, కణాలు తెగాయి. అంతే మాట. అది చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

"మరి చెప్పలేదేం?"

"నువ్వే పట్టుకుంటావనుకున్నాను. చెబితే మర్చిపోతారు. తనంతట తాను పట్టుకున్నది మర్చిపోరు." మాట పూర్తయ్యేసరికి గొంతు తగ్గిపోయింది. ఇన్నేళ్లూ ఎంతమందికో చెప్పుకున్న మాటే అయినా ఇప్పుడు ఆయనకే అది వేరేగా వినబడినట్టుంది.

హరనాథ్‌కి అనడానికి నోటి దాకా చాలా వచ్చాయి. పక్కనున్న మనిషి కేసి చూశాడు. ముక్కు మీద కళ్లజోడు వంకరగా ఉంది, అద్దాల మీద పిల్ల వేలిముద్రలు. వాటిని తుడుచుకోవాలని ఆయనకి తోచినట్టు లేదు.

టెక్కలి దగ్గర బస్సు ఆగింది. కొందరు దిగారు, కొందరు ఎక్కారు. మళ్లీ బయల్దేరాక మాస్టారు ఎదుటి సీటు వెనక చెయ్యి ఆనించి, దాని వైపే చూస్తూ అన్నారు:

"అక్కడ ఉన్నంతసేపూ నాకు ఒకటే భయం హరీ. ఈ మాట ఆవిడ ముందు అడుగుతావేమోనని."